ఆర్వో బోర్డు మీది నవ్వు మొహాలు

"ఈరోజెంత, అమ్మాయ్?"

హెల్మీ రోజూ పొద్దున్నే నన్ను అడిగే మొదటి మాట అది. ఆవిడ భర్త ఆర్వో రక్తంలో క్రియాటినిన్ ఎంతుందని. ఆ అంకె తక్కువుంటే కిడ్నీలు బాగున్నట్టని ఆవిడకు నేర్పిందీ నేనే. అమెరికాలో, దులూత్ ఊళ్లోని ఈ ఐసీయూలో పదహారేళ్లుగా నర్సును, ఆ మాత్రం తెలియదా!

"సున్నా పాయింట్ ఆరు. బ్రహ్మాండం!" అనేదాన్ని. ఆవిడ దాన్ని గోడ మీది తెల్లబోర్డుపై రాసి, పక్కన ఒక నవ్వు మొహం గీసేది.

ఆర్వో ముప్పై ఏళ్లు ఇనుప ఖనిజం రేవులో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల్లో చీము పట్టి, గొంతులో గొట్టంతో ఐదు వారాలుగా పడి ఉన్నాడు. మాట పోకముందే తేల్చి చెప్పాడు, కిడ్నీలు పోతే డయాలసిస్ వద్దని. అందుకే హెల్మీ ప్రాణాలన్నీ ఆ అంకె మీదే.

ఒకరోజు అతన్ని పక్కకు తిప్పుతుంటే తొడ ఎంత సన్నబడిపోయిందో, నా గుప్పిట్లో పట్టేసింది. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కండే కరిగిపోయాక, కిడ్నీలు చెడినా ఆ అంకె పెద్దగా పెరగదు. మేమేమో దాన్ని నమ్మి, చీము తగ్గడానికని, కిడ్నీలను దెబ్బతీసే మందును నిండు మోతాదులో ఎక్కిస్తున్నాం. ఆ మందు రక్తంలో ఎంత పేరుకుందో చూసే పరీక్షను కూడా వారానికోసారికి తగ్గించేశాం.

ఆర్వోను చూస్తున్న డాక్టర్ బ్రెనిక్‌ను ఆపాను. "కండతో సంబంధం లేని రక్తపరీక్ష ఉందిగా, సిస్టాటిన్. అది పంపుదామా?"

"అంకె ముత్యంలా ఉంటే ఇంకో పరీక్షెందుకు, గ్వెన్? పనేం తోచట్లేదా నీకు?" అని నవ్వాడు.

నేనూ నవ్వేశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు రోజులకు మూత్రం తగ్గింది. అప్పుడు పంపాడు సిస్టాటిన్. కిడ్నీలు ఐదో వంతు కూడా పనిచేయడం లేదని తేలింది. మందు ఆపేశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు హెల్మీ పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. "ఈరోజెంత?"

"ఒకటీ పాయింట్ రెండు."

"ఒకటీ పాయింట్ రెండేనా! అదీ మంచిదేగా?"

కుర్చీ లాగి ఆవిడను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన కరిగిపోతున్నందుకే ఆ అంకె అంత బావుందని కూడా చెప్పాను. ఆవిడ బోర్డు మీది నవ్వు మొహాల వైపు చూసింది.

"నువ్వే కదా, బ్రహ్మాండమన్నావు?"

"అవునమ్మా, నేనే" అన్నాను.