పూలకుండీల వెనుక కమాంచె

యుద్ధం ముగిసిన కొత్తలో సర్కారుకు ఉన్నట్టుండి సంగీతం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు సంగీతం పాపమని ఇల్లిల్లూ గాలించి వాయిద్యాలు విరగ్గొట్టింది కూడా ఈ మహానుభావులే. ఖొర్రమాబాదులో ఖుదారహ్మ్ తన కమాంచెను, మోకాలి మీద నిలబెట్టి కమానుతో వాయించే తీగల వాయిద్యాన్ని, గొర్రెల కొట్టంలో గడ్డి కింద దాచి బతికించుకున్నాడు గానీ, అన్నేళ్లలో శిష్యుడన్నవాడు ఒక్కడూ గడప తొక్కలేదు.

తీగ మారేటప్పుడు కమానును వంచకుండా కమాంచెనే మోకాలి మీద తిప్పే మణికట్టు విద్య ఒకటి, గురువు పోయాక ఆయన చేతిలోనే మిగిలింది. చెబితే వచ్చేది కాదది, చూడాలి. ఇప్పుడా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. అందుకే, జాతి సంపదను టీవీ కోసం చిత్రీకరించి భద్రపరుస్తామని టెహ్రాన్ నుంచి పిలుపు రాగానే, సిగ్గు చంపుకుని బయలుదేరాడు.

"టీవీలో నా మొహం చూడకే గులందామ్, చెయ్యి చూడు," అని మనవరాలికి మరీ మరీ చెప్పాడు.

స్టూడియోలో హాజీ తవక్కోలీ అనే సర్కారు తరఫు కళాపోషకుడు తస్బీ జపమాల తిప్పుతూ ఎదురొచ్చాడు. ఆయన సైగ చెయ్యగానే పనివాళ్లు ఖుదారహ్మ్ ముందు పొడవాటి గ్లాడియోలస్ పూలకుండీలు వరసగా పేర్చారు.

"హాజీ, ఈ పూలు తీయించండి. చెయ్యి కనబడదు."

"సంగీతం వినిపించొచ్చు ఉస్తాద్ గారూ. వాయిద్యం కనబడకూడదు. ధర్మం ఒప్పుకోదు."

"చేతిని చూపించకుండా విద్యనేం భద్రపరుస్తారయ్యా? పెళ్లికి పిలిచి పెళ్లికూతుర్ని గదిలో పెట్టి తాళం వేస్తారా?"

"దేవుడి దయ, పూలు ఖరీదైనవే తెప్పించాం," అన్నాడు హాజీ.

ఛీ అనుకున్నాడు ఖుదారహ్మ్. లేచి వచ్చేసేవాడే. కానీ కెమెరా కాస్త పక్కకు జరిగినా చాలునన్న పేరాశతో వాయించాడు. ఆ పూట చెయ్యి పాతికేళ్ల వాడి చెయ్యిలా ఆడింది.

కార్యక్రమం వచ్చిన రోజు గులందామ్ టీవీ ముందు నుంచి కదల్లేదు. తెర నిండా పూలు, పైన తాత గడ్డం. తర్వాత కళకు సర్కారు చేస్తున్న సేవ గురించి హాజీ ఉపన్యాసం. ఆయన మాత్రం తల నుంచి కాలి దాకా కనిపించాడు.

"నీ చెయ్యి చూపించలేదేంటి తాతా? పోనీ, నువ్వే చూపించు."

ఖుదారహ్మ్ కమాంచె మోకాలి మీద పెట్టాడు. మణికట్టు తిప్పబోయాడు. వేళ్లు గజగజలాడి కమాంచె ఒరిగిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ ఒరిగింది.

"ఆ రోజు ఒక్కసారైనా వణకలేదే తల్లీ," అన్నాడు. "దాన్ని చూసింది ఆ పూలే."