ముందు నోరు విప్పేదెవరు

"బీరువా మీద ఆ పెట్టె తీసేస్తే రెండు పరుపులు పడతాయి" అని అత్తగారు ఏడాదికి రెండుసార్లయినా అనేది. పన్నెండేళ్ళుగా కోడలు ఆ పెట్టె దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది. ఈసారి మాత్రం కిందికి దించింది. దించిన గంటలోనే పరుపులెక్కాయి. ఇక పెట్టెలోని వయొలిన్‌కి, పెళ్ళికి ముందు ఆమె వాయించినదానికి, వెనక్కి వెళ్ళే చోటు లేదు.

దీనికంతటికీ కారణం రిటైరైన పోస్టుమాస్టరు. పేటలోవాళ్ళని పోగేసి నాటకాలాడించడం ఆయన పిచ్చి. తెరల కోసం నల్లగుడ్డ కొనడానికి వాళ్ళ బట్టల దుకాణానికి వచ్చాడు.

"మా వయొలినాయన చెయ్యి విరగ్గొట్టుకున్నాడమ్మా. వాయించేవాళ్ళెవరైనా తెలుసా?"

ఆమె చేతిలో కత్తెర ఆగింది. "తెలుసు."

"ఎక్కడుంటారు?"

"ఇక్కడే. మీ గుడ్డ కోస్తోంది."

ఇంట్లో భర్త నవ్వాడు. "పిల్లకి పదేళ్ళొచ్చాక తల్లికి సరదాలు! సరే, వంటా దుకాణం కుంటుపడకుండా చూసుకుని వెళ్ళు." అనుమతి అలా కొలతలతో సహా వచ్చింది. దుకాణంలో ఎవరికైనా నాలుగంగుళాల గుడ్డ కొసరు వేస్తే అది ఎందుకు వేసిందో ఆమెకు తెలుసు: మళ్ళీ రావాలని. ఇంట్లో పన్నెండేళ్ళుగా వేస్తున్న కొసరు ఎందుకో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదట వేళ్ళు మొరాయించాయి. వారానికి కమాను మాట విన్నది. చిక్కు వేరేచోట వచ్చింది. నాటకంలో ఏళ్ళ తర్వాత ఇల్లు చేరిన కూతురిని తండ్రి "ఎందుకొచ్చావు?" అంటాడు. తండ్రి వేషం వీధి చివరి మంగలిది, కూతురి వేషం ఒక నర్సుది. నర్సు మాట్లాడకుండా నిలబడింది. మాట మరిచిపోయిందేమోనని ఆమె గబుక్కున కమాను లాగేసింది.

పోస్టుమాస్టరు చప్పట్లు కొట్టి ఆపాడు. "మరిచిపోలేదమ్మా. ఎనిమిది లెక్కపెట్టేదాకా అక్కడ ఎవరూ పలకరు. ఆ తర్వాత తండ్రే దిగొచ్చి మాట్లాడాలి. నీ వయొలిన్ అప్పుడే."

మర్నాడు ఐదు దగ్గరే వాయించేసింది. ఆ మర్నాడు ఆరు దగ్గర.

"అక్కా, నేను దిగొచ్చేలోపే నువ్వు నన్ను ఎత్తుకొచ్చేస్తున్నావు" అన్నాడు మంగలి. అందరూ నవ్వారు. ఆమె కూడా.

పోస్టుమాస్టరు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "దుకాణంలో ధర చెప్పాక ఏం చేస్తావు?"

"ఊరుకుంటాను."

"ఎందుకు?"

"ముందు నోరు విప్పినవాళ్ళే తగ్గాలి కదండీ."

అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది. ఇంటికి నడుస్తూ అదే ఆలోచన. దుకాణం బల్లకి ఇవతల నిలబడితే పేటలో తనంత ఓపిగ్గా ఊరుకోగలిగిన మనిషి లేదు. గుమ్మం దాటి ఇంట్లోకొస్తే ఆ తెలివి ఎక్కడికి పోతోంది? అత్తగారు "నా మందులు..." అని ఆగుతుంది. భర్త "ఆ నీలం చొక్కా..." అని ఆగుతాడు. ఎవరూ ఏదీ చెయ్యమనరు, సగం మాట వదిలేస్తారంతే. మిగతా సగం ఆమె నోటితో మొదలై చేతుల్తో పూర్తవుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ సగం మాటని అలాగే వదిలేసి చూసిందా? వదిలేస్తే ఏమవుతుంది? ఆమెకు కోపం రాలేదు. ఇంకా కట్లు విప్పని కొత్త మూట ముందు కూర్చున్నప్పటి ఆత్రం కలిగింది.

నాటకం రోజు రానే వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆట. పొద్దున్న తింటూ భర్త అన్నాడు: "సాయంత్రం సరుకు లారీ వస్తుంది. దగ్గరుండి దింపించాలి. నాకేమో స్నేహితుడింట్లో..."

ఆగాడు.

'సరేలెండి, నేనుంటాను' అనే మాట ఆమె నాలుక చివరకొచ్చి కూర్చుంది. వయొలిన్ పెట్టె తలుపు పక్కన సిద్ధంగా ఉంది. ఆమె లెక్క మొదలెట్టింది.

ఒకటి. రెండు. మూడు దగ్గర అత్తగారు తలెత్తింది. నాలుగు దగ్గర పిల్ల నమలడం మానేసింది. ఐదు. ఇక్కడే తను ఎప్పుడూ తొందరపడేది. ఆరు. భర్త ముఖం కేసి చూసింది. అతను నిజంగానే ఎదురు చూస్తున్నాడు, దుకాణంలో ధర తగ్గిస్తుందని నమ్మకంగా నిలబడ్డ కొనుగోలుదారులా. ఇన్నాళ్ళూ ఈ ముఖాన్ని ఇంతసేపు చూడనేలేదు. ఏడు.

"ఏంటే, మాట్లాడవు?" అన్నాడు.

ఆమె దానికీ ఊరుకుంది.

అతను గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు. "పోనీ... నేనే ఉండి దింపిస్తాలే. స్నేహితుడి దగ్గరికి రేపెళ్తాను."

"ఆట ఎన్నింటికిరా?" అంది అత్తగారు, కొడుకుతో.

ఆమె దుకాణం తాళంచెవులు తీసి అతని కంచం పక్కన పెట్టింది. థాంక్స్ చెప్పలేదు. బేరం కుదిరాక ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకూడదని ఆమెకు తెలుసు.