ఇంటి ముక్కు

మా అన్న జెనోన్‌కు ఇద్దరు భార్యలని మా వీధిలో వేళాకోళం చేసేవారు. ఒకరు మా వదిన మిర్కా. రెండోది నేలకింది బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్. ప్రేమంతా రెండోదాని మీదేనని వదిన ఉడుక్కునేది. అందులో అబద్ధమేమీ లేదు. వదిన పుట్టినరోజు మరిచిపోయిన సంవత్సరాలున్నాయి గాని, ఫర్నేస్ ఫిల్టర్ మార్చడం మాత్రం మా అన్న ఏ నెలా మరిచిపోలేదు. పాత ఫిల్టర్ బయటికి లాగి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఈ దుమ్మంతా మన ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. భోజనాల వేళ కూడా చూపించేవాడు, అదీ ఆయన వరస.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఇనుముతో మాట్లాడటం వచ్చినంతగా మనుషులతో రాదు. సెప్టెంబరులో, చెట్లకు ఇంకా ఆకులుండగానే, ఫర్నేస్ బాగుచేసే లోర్న్‌ను పిలిపించేవాడు. అతను పని చేస్తున్నంతసేపూ, కొత్తకోడలి వంటను అత్తగారు చూసినట్టు పక్కనే నిలబడి చూసేవాడు. మంట నీలంగా వెలుగుతోందా, పచ్చబడుతోందా అని మోకాళ్ళ మీద కూర్చుని తానూ ఒకసారి చూసుకునేవాడు. ఫర్నేస్ చుట్టూ చీపురు కూడా ఆనించనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను తెలియక రంగు డబ్బా ఒకటి అక్కడ పెడితే, తోడబుట్టినదాన్నని కూడా చూడకుండా నలుగురిలో కడిగేశాడు.

మా విన్నిపెగ్‌లో, ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన మా వాళ్ళ ఇళ్ళలో వంటగదులు రెండు. పైది చుట్టాలకు చూపించడానికి, కిందది వండుకోవడానికి. పెద్ద వంటలన్నీ బేస్‌మెంట్‌లోనే. అక్కడే వదినకూ, ఆమె సవతికీ తగువు వచ్చేది. ఫర్నేస్ పక్కన, బయటి గోడలోంచి వచ్చిన రేకు గొట్టం ఒకటి నేలకు జానెడు ఎత్తులో నోరు తెరుచుకుని ఉంటుంది. మంటకు కావలసిన గాలి దానిలోంచే వస్తుంది. బయట ముక్కు చీదితే గడ్డకట్టే రోజుల్లో ఆ గాలి నేల మీద పాక్కుంటూ వచ్చి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ కాళ్ళు కొరికేస్తుంది. వదినకేమో కీళ్ళవాతం.

"ఈ ఫర్నేస్ కొన్నది వెచ్చగా ఉండటానికా, చలిని పేరంటానికి పిలవడానికా? ఒక పాత గుడ్డ కుక్కవయ్యా ఆ బొక్కలో!" అని అరిచేది.

"మిర్కా, అది ఇంటి ముక్కే. ముక్కు మూసుకుని నువ్వు పడుకోగలవా?"

"నోరుందిగా!"

"నీకుంది, లోకానికంతా తెలుసు. ఈ ఇంటికి చిమ్నీయే నోరు. ముక్కు మూశావనుకో, ఇల్లు ఆ నోటితోనే గాలి పీల్చుకుంటుంది. బయటికి పోవాల్సిన విషవాయువంతా వెనక్కి మన మీదికే వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. చచ్చాక కూడా తెలీదు."

"చస్తే కాళ్ళన్నా నొప్పి పుట్టవు," అనేది వదిన.

ముప్పై ఏళ్ళు ఇదే భాగోతం. మంచు కురిసిన ప్రతి పొద్దునా మా అన్న బయటికి వెళ్ళి, ఆ గొట్టం బయటి మూతి చుట్టూ మంచు తవ్వి వచ్చేవాడు. ఆ తర్వాతే కాఫీ. వదిన పోరు పోరే, ఆయన పట్టు పట్టే.

ఆయన గుండెకు ఆపరేషన్ అయ్యాక మనిషి కాస్త మెత్తబడ్డాడు. ఆసుపత్రిలో వదిన కుర్చీలోనే నిద్రపోవడం, వాచిన కాళ్ళతో మెట్లెక్కి దిగడం చూశాడు. ఒకరోజు నాతో, "ఒరిస్యా, నేనెప్పుడూ దీన్ని సుఖపెట్టలేదే," అన్నాడు. ఆ మాటకు నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు, అంటే మా లెక్కన జనవరి ఆరున, పండుగకు పన్నెండు రకాలు వండటానికి వదినా నేనూ కింద కూర్చున్నాం. క్యాబేజీ చుట్టలు చుడుతూ వదిన ఉన్నట్టుండి ఆగింది. చెప్పులు విడిచింది. మేజోళ్ళు కూడా తీసేసింది.

"వదినా, మతిపోయిందా?"

"కాదే ఒరిస్యా, చూడు! చలి లేదు! నా కాళ్ళు వెచ్చగా ఉన్నాయి!" అని చిన్నపిల్లలా వేళ్ళు ఆడించింది.

మా అన్న మెట్ల మీద నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు. "ఫర్నేస్‌తో మాట్లాడాను. ఈ ఇంట్లో పెద్దభార్య మాట వినాలని గట్టిగా చెప్పాను," అన్నాడు.

వదిన లేచి వెళ్ళి, పిండి చేతులతోనే ఆయన బుగ్గలు పట్టుకుంది. వాళ్ళిద్దరినీ అలా చూడటం నాకదే మొదటిసారి. సాయంత్రానికి అందరికీ తలనొప్పి. పొద్దున్నుంచి ఉపవాసం, పైగా ఉల్లిపాయల వేపుడు, నొప్పి రాక ఏమవుతుంది అనుకున్నాం. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాన్ రోజంతా హోరుమంటూనే ఉంది.

మర్నాడు పొద్దున మేమంతా చర్చికి వెళ్ళాం. నడవలేనని, వచ్చేసరికి అన్నీ వేడి చేసి పెడతానని ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. మేం తిరిగి వచ్చేటప్పటికి కింది బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది వదిన. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తలుపులన్నీ తెరిచి పెట్టాం, వీధి వీధంతా లోపలికి వచ్చింది. గుండె అన్నాడు డాక్టరు. రొమ్ము మీద అంత కోత గుర్తు కనిపిస్తుంటే ఇంకో కారణం ఎవరడుగుతారు?

వసంతంలో లైలాక్ పూలు పూసేదాకా వదినను పక్కనే ఉన్న మా ఇంట్లోనే ఉంచుకున్నాను. వాళ్ళింటి ఫర్నేస్‌ను కొద్ది వేడి మీద పెట్టి, పొద్దున్నే వెళ్ళి తలుపులోంచి ఒకసారి చూసి వచ్చేదాన్ని. మంచు కురిస్తే, అన్న చేసినట్టే, గొట్టం బయటి మూతి చుట్టూ తవ్వి శుభ్రం చేసేదాన్ని. ఆయన ఆత్మ శాంతిస్తుందని నా వెర్రి నమ్మకం.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ వదిన ఒక్క మాటే చెప్పేది. "బతుకంతా నాతో కొట్లాడాడు గాని, పోయే ముందు నా మాట విన్నాడమ్మా. నా కాళ్ళు వెచ్చగా ఉండటం చూసుకునే పోయాడు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఏడుపు ఆగేది. ఆమెకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఇంకొకటి కూడా కావాలని వెతికేది. రైల్వే వాళ్ళు మా అన్నకిచ్చిన నీలం దూది కోటు, చేతుల్లేనిది. ఇల్లంతా గాలించినా దొరకలేదు. "నువ్వే ఎత్తుకుపోయుంటావు, అన్న గుర్తని. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, కోటు కూడా నీకేనా?" అని సాధించేది. దొంగతనం అంటగట్టినందుకు నాకు ఒళ్ళు మండినా, పోయిన మనిషి కోటు కోసమే కదా అని ఊరుకునేదాన్ని.

సెప్టెంబరులో లోర్న్ వచ్చాడు. వదిన పైన టీ పెడుతోంది. నేను అన్న నిలబడే చోట నిలబడ్డాను. అతను ఫర్నేస్ తలుపు తీసి, టార్చ్ వేసి చూసి, మసి ఎక్కడెక్కడ పట్టిందో వేలితో రాసి చూసుకున్నాడు. తర్వాత గొట్టం దగ్గర వంగి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో లాగాడు. గట్టిగా చుట్టిన నీలం గుడ్డ. నేలమీద పడి, చుట్ట విచ్చుకోకుండా అలాగే ఉండిపోయింది.

అది మా అన్న కోటు.

"ఎవరు కుక్కారిది?" అన్నాడు లోర్న్. ఆ కోటు ఎవరిదో చెప్పాను. అతను పొయ్యి వైపు చూశాడు. "ఆయన పోయిన రోజు ఆ ఫ్యాన్ తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"విషవాయువు వస్తే మోగే అలారం?"

"పైన, పడకగది దగ్గరుంది. కింద లేదు."

లోర్న్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, కొత్త గాలి లోపలికి వచ్చే దారి లేదమ్మా. విషవాయువు చిమ్నీలోంచి వెనక్కి వచ్చేసింది. జబ్బు గుండె తట్టుకోలేదు," అన్నాడు. "జెనోన్ ఇలా చేశాడంటే నమ్మలేను. నాకే పాఠాలు చెప్పేవాడు."

నేను నమ్మగలిగాను. మూడు రోజుల పండుగే కదా, ఆ తర్వాత తీసేద్దాంలే అనుకుని ఉంటాడు. ముప్పై ఏళ్ళు ఇనుపగోడలా నిలబడి, తీరా భార్య మీద ప్రేమ పుట్టిన రోజున చేసిన పని అది. ఓరి పిచ్చి అన్నా! చక్కగా ఊలు మేజోళ్ళు కొనిపెట్టొచ్చు కదరా! మెట్ల మీద నిలబడి గుడ్డు పెట్టిన కోడిలా నవ్వుకునే బదులు ఒక్కమాట నాతో అనొచ్చు కదరా!

"ఆమెకు చెప్పాలి," అన్నాడు లోర్న్, కింద గోడకు కొత్త అలారం బిగిస్తూ. నేను చెప్తానన్నాను. కోటు నా సంచీలో కుక్కుకున్నాను. పైకి వెళ్ళి వదిన ముందు కూర్చున్నాను. "ఈసారి మన ఫర్నేస్ ఎలా ఉందట?" అని అడిగింది. టీ చాలా బాగుందన్నాను. ఆమె ఆస్తిని నా చేతులతో నేను తగలబెట్టలేకపోయాను.

మళ్ళీ జనవరి వచ్చింది. వదిన ఏడాది తర్వాత కింద పొయ్యి వెలిగించింది. మేం క్యాబేజీ ఆకులు విడదీస్తున్నాం. చలి నేల మీద పాకుతూ వచ్చింది. వదిన కాళ్ళు పైకి తీసుకుంది. కాసేపు ఓర్చుకుంది.

"అదేమిటే, మళ్ళీ మొదలైంది? పోయినేడు లేదుగా. ఆ లోర్న్ ఏదో చెడగొట్టి పోయాడు."

"చలి ఎక్కువగా ఉందిలే వదినా ఈ ఏడు."

"పోయినేడు తక్కువుందా?" అంటూ లేచి, పొయ్యి కడ్డీకి వేలాడుతున్న మందపాటి తువ్వాలు తీసింది. గొట్టం దగ్గరికి వెళ్ళి వంగింది.

నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "వద్దు! చట్టం ఒప్పుకోదు. లోర్న్ గ్యాస్ ఆపేస్తానన్నాడు. అలారం మోగుద్ది."

"మోగితే పీకి సొరుగులో పడేస్తా. మీ అన్న కూడా ముప్పై ఏళ్ళు ఇదే చట్టం చదివాడు. చివరికి ఏదో చేశాడుగా? నా మీద ఆయనకున్న జాలి నీకు లేదంతే. వదులు!"

ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఈ రోజు ఆపినా, నేను ఇంటికి పోయాక చేస్తుంది. అన్నను పోగొట్టుకున్నాను. ఈమెను కూడా ఆ గొట్టానికే అప్పగించాలా? తువ్వాలు లాక్కుని, నా చలికోటు కూడా వేసుకోకుండా మంచులో మా ఇంటికి పరుగెత్తాను. సంచీలోంచి ఆ చుట్ట తీసుకుని వచ్చి ఆమె చేతిలో పెట్టాను.

వదిన ముఖం ఒక్కసారి విప్పారింది. "నువ్వేగా తీసింది, దొంగముండా! నాకు తెలుసు!" అని కోటును రొమ్ముకు హత్తుకుంది. తర్వాత విప్పి చూడబోయింది. అది పూర్తిగా విచ్చుకోలేదు, చుట్ట ఆకారం పట్టేసింది. నీలం గుడ్డ మీద గుండ్రంగా తుప్పు గీత ఉంది. వదిన ఆ గీతను వేలితో తడిమింది. తలెత్తి గొట్టం వైపు చూసింది.

నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్ళు ఆమెకు ఆ పాఠం చెప్పినవాడు వేరే ఉన్నాడు.

"అందుకేనా వెచ్చగా ఉంది?" అంది.

"వదినా, ఆయన గుండె ముందే..."

"ఊరుకో." తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి, కడ్డీ మీద వేసింది. "నేనడిగాను ఒరిస్యా. రోజూ అడిగాను. ఆయన అన్ని మాటలూ పెడచెవిన పెట్టాడు. ఇదొక్కటి ఎందుకు విన్నాడే?"

ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు నిమిరి, "ఆకులు ఆరిపోతున్నాయి, పని చూడు," అంది.

మా పండుగ భోజనంలో పోయినవాళ్ళకు ఒక కంచం వేసే ఆచారం. అది పైన, మంచి గుడ్డ పరిచిన బల్ల మీద వేస్తాం. ఆ సాయంత్రం మొదటి నక్షత్రం కనబడగానే వదిన కంచం తీసుకుని కిందికి దిగింది. వెనకాలే వెళ్ళాను. గొట్టం ముందు రెండు కుర్చీలు వేసింది. ఒకదాని మీద నీలం కోటు పరిచి, ఎదుట ముక్కాలిపీట మీద కంచం పెట్టి, తేనె కలిపి వండిన గోధుమలు వడ్డించింది. రెండో కుర్చీలో తాను కూర్చుంది. చెప్పులు విడిచింది. మేజోళ్ళు తీసింది. వాచిన పాదాలు రెండూ చాపి, సరిగ్గా గొట్టం మూతి ముందు ఆనించింది.

"వదినా, గడ్డకట్టిపోతాయి," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. చెంచాతో గోధుమలు తీసి ఆయన కంచంలో ఇంకొంచెం వేసింది.

"జెనోన్, చల్లగా ఉన్నాయయ్యా కాళ్ళు," అంది. "ఇంక మూయమని అడగన్లే. తిను."