చెయ్యి పెట్టని పత్తి

మోచేయి దాటేదాకా చెయ్యి పత్తిలోకి దింపి అంతయ్య కళ్లు మూసుకున్నాడు. పైన ఎండకు ఆరి తెల్లగా నవ్వుతున్న పత్తి లోపల ఎలా ఉందో వేళ్లే చెప్పాలి. ట్రాలీ నడిమధ్య నుంచి గుప్పెడు లాగి పిసికి వదిలాడు. పత్తి మళ్లీ పొంగింది. ఒక గింజ వొలిచి పంటి కింద పెట్టి కొరికితే టక్కుమని పగిలింది.

"ఆరింది" అన్నాడు. ఖరీదుదారు ధర చెప్పాడు, రైతు తలూపాడు, చీటీ రాసుకున్నారు.

జమ్మికుంట పత్తి యార్డులో అంతయ్య దడ్వాయి. లైసెన్సు ఇచ్చింది సరుకు తూచడానికే అయినా తేమ సంగతి కూడా అందరూ అతణ్ణే అడుగుతారు. తేమ చూసే మిషన్లు వచ్చాయి గానీ, మిషన్‌ను ఎక్కడ గుచ్చితే అక్కడి సంగతే చెబుతుంది. సన్నటి మనిషి, వంగిన నడుము, మీసంలో ఎప్పుడూ ఒకటి రెండు పత్తి పోగులు. ఎడమచేతి మీద వెంట్రుకలు దట్టంగా ఉంటాయి. కుడిచెయ్యి మాత్రం పసిపిల్లాడి చెయ్యిలా నున్నగా ఉంటుంది. ఇన్నేళ్ల పత్తి దాన్ని గీకి అలా చేసింది.

చీటీ రాశాక మిల్లులో దించేటప్పుడు తేమ ఉందని రైతు ధరలో కోత పెట్టకూడదన్నది ఈ యార్డు కట్టుబాటు. అందుకని చీటీకి ముందు అంతయ్య అనే ఒక్క మాట మీద లోడు నిలబడుతుంది. అతనికి పొలం లేదు, దుకాణం లేదు. ఉన్న పెట్టుబడల్లా ఆ మాటే. దాన్ని చూసి చూసి వాడాడు. ఒక్కసారి మాత్రం చూడకుండా వాడాడు, ఓంప్రకాశ్ విషయంలో.

ఓంప్రకాశ్ వాళ్లది యార్డులో కమీషన్ మీద పత్తి కొని అమ్మే పాత అడ్తి దుకాణం. తండ్రి పోయాక కొడుకు గద్దె మీద కుదురుగా కూర్చోలేదు. కరీంనగర్‌లో అద్దాల మేడ ఒకటి అద్దెకు తీసుకొని క్రిప్టో కాయిన్లు కొని అమ్మే కంపెనీ తెరిచాడు. యార్డు జనం చేత కూడా డబ్బు పెట్టించాడు. హమాలీ బాబు మియా గుండె ఆపరేషన్ కోసం కూడబెట్టుకున్నది తువ్వాల్లో మూటగట్టి ముందు అంతయ్య దగ్గరికే తెచ్చాడు. పెట్టొచ్చునా అని అడిగాడు. పెట్టొచ్చని అంతయ్య చెప్పాడు. ఏం చూసి చెప్పాడు? దుకాణం పేరు చూసి చెప్పాడు. అంతకంటే లోపలికి వెళ్లలేదు.

తర్వాత ఒకనాడు కంపెనీ మూతపడింది. దొంగలెవరో లేని కాయిన్లు జమచేసినట్టు చూపించి, వాటికి బదులు జనం దాచిన అసలు కాయిన్లు తోడుకుపోయారట. డబ్బు పెట్టినవాళ్లు అద్దాల మేడ ముందు పోగైతే ఓంప్రకాశ్ కిందికి దిగి వచ్చాడు. తప్పు తమది కాదని, నెట్‌వర్క్ నుంచి ఏ కబురు వస్తే దాన్నే నమ్మామని, అందరికంటే ఎక్కువ నష్టపోయింది తానేనని చెప్పి కారెక్కాడు. కంపెనీలో లెక్కలు చూస్తూ, ఆ రోజే ఉద్యోగం పోగొట్టుకున్న మమతారాణి మెట్ల మీద కూర్చుని ఉంది. నెట్‌వర్క్ అంటే ఏమిటని అంతయ్య ఆమెను అడిగాడు.

"అండ్ల వేల కంప్యూటర్లుంటయి కాకా. కాయిన్లు నిజంగ వచ్చినయా లేదా అని దేనికది సరిచూసుకుంటది. మనం గూడ సొంతంగ ఒకటి పెట్టుకుంటే మన కండ్లతోని మనం చూసుకుందుము. ఖర్చయితదని సార్ పెట్టనియ్యలే. బయట మూడు కంపెనీలను అడుగుడు, వాళ్లు వచ్చినయంటే మేం వచ్చినయని రాసుడు."

"మూడు తావుల్ల అడిగిండ్రు గద బిడ్డా?"

"గా మూడు గూడ ఒక్క కంప్యూటర్‌నే అడిగి మాకు చెప్తున్నయట. దొంగలు గా ఒక్కదాన్ని పట్టుకున్నరు."

అంతయ్యకు అర్థమైంది. ముగ్గురు దడ్వాయిలు పక్కవాణ్ణి అడిగి 'ఆరింది' అన్నారు, ఒక్కడూ పత్తిలో చెయ్యి పెట్టలేదు. వ్యాపారంలో నష్టం వస్తుంది, దాని మీద అతనికి కోపం లేదు. చూడకుండా చూశామని రాసుకున్నారే, అది మాత్రం కడుపులో నిప్పులా కూర్చుంది. అందులో తన పాలు కూడా ఉందని తెలిసి ఆ నిప్పు ఇంకా రాజుకుంది. ఆపరేషన్ ఆగిపోయిన బాబు మియా మంచానికి అంటుకుపోయాడు. అంతయ్య ఎన్నిసార్లు వెళ్లినా బాబు మియా అతణ్ణి ఒక్క మాట అనలేదు. తిడితే కొంతైనా చెల్లిపోయేది.

ఇప్పుడు యార్డంతా ఇంకో మాట తిరుగుతోంది. ఓంప్రకాశ్ చేతిలో మిగిలినదంతా ఇవాళ కొనే పత్తి మీద పెడుతున్నాడని, సరుకు మిల్లుకు చేరగానే ఆ డబ్బుతో మంచిర్యాలలో వేరే పేరుతో మళ్లీ కాయిన్ల కంపెనీ తెరుస్తాడని, బోర్డు కూడా రాయిస్తున్నాడని. ఆ బోర్డు లేవకూడదు. అంతయ్య పొద్దున్నే ఆ ఒక్కటీ గట్టిగా అనుకొని ఇంట్లోంచి బయలుదేరాడు.

మొన్నటి వానకు తడిసిన లోడ్లు యార్డులో చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ కొనడం లేదు. తిరిగి తిరిగి అవన్నీ ఓంప్రకాశ్ వైపుకు వచ్చి ఆగాయి. ఓంప్రకాశ్ కారుకు ఆనుకొని, చెవుల్లో వైర్లతో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మొదటి ట్రాలీ హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన నాగరాజుది. ఎట్లున్నది పత్తి అని అంతయ్య అడిగాడు. మంచిగనే ఉన్నది కాకా అన్నాడు నాగరాజు, నేల చూపులు చూస్తూ.

అంతయ్య రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు.

"ఎట్లుందే కాకా?" అని కారు దగ్గర నుంచి ఓంప్రకాశ్ అరిచాడు.

"మంచిగనే ఉన్నదంటుండు సేఠ్."

ఓంప్రకాశ్ బొటనవేలు పైకెత్తాడు. మునీము చీటీ రాశాడు.

రెండో లోడుకు అదే మాట. మూడోదానికీ అదే. అంటున్నది ఎవరని ఒక్కసారి అడిగితే చాలు, అంతయ్య ఉన్నదున్నట్టు చెప్పి చెయ్యి పత్తిలో పెట్టేవాడు. ఆ మేరకు తనలో తాను ఒట్టు పెట్టుకున్నాడు. ఒక ట్రాలీ పలక సందులోంచి నీళ్లు చుక్క చుక్కగా కారి ఓంప్రకాశ్ కారు టైరు దాకా పారాయి. ఓంప్రకాశ్ కాలు తీసి పక్కన పెట్టుకొని మాట్లాడటం సాగించాడు. వరస అయిపోయింది. రైతులు డబ్బు లెక్క చూసుకొని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

పొద్దు వాలాక కారు మళ్లీ వచ్చింది. తలుపు తెరిచి వదిలేసి ఓంప్రకాశ్ నేరుగా కాంటా దగ్గరికి వచ్చాడు. చుట్టూ హమాలీలు, ఇద్దరు ముగ్గురు ఖరీదుదార్లు ఉన్నారు.

"లోపలంత ముద్ద ముద్ద ఉన్నది. మిల్లోళ్లు వాపస్ తీస్కపొమ్మంటుండ్రు. నువ్వు చెయ్యి పెట్టలేదా?"

"పెట్టలే."

"మరి మంచిగున్నదని ఎట్ల చెప్పినవ్?"

"నేను చెప్పలే సేఠ్. రైతు అన్నది నీకు చేరేసిన. ఎవలన్నరని నువ్వడగలే."

"మా బాపు కాలం నుంచి నిన్ను నమ్ముకున్నం గదనే."

"బాబు మియా గూడ నన్ను నమ్మిండు."

ఓంప్రకాశ్ అయోమయంగా చూశాడు. "బాబు మియా ఎవలు?"

అంతయ్య ఆ ముఖాన్ని నిదానంగా, కాంటా ముల్లు ఆగేదాకా చూసినట్టు చూశాడు. ఇంతసేపూ మనసులో ఎక్కడో మూల ఉన్న జాలి కూడా ఆ ప్రశ్నతో తీరిపోయింది. ఓంప్రకాశ్ లైసెన్సు తీయిస్తానన్నాడు, ఏ యార్డులోనూ అడుగు పెట్టనీయనన్నాడు. మార్కెట్ ఆఫీసు దాకా అరుచుకుంటూ వెళ్లాడు.

ఖరీదుదార్లు పక్కకు తప్పుకున్నారు. పొద్దున అతను ఆరిందంటే లోడు కొన్నవాడు కూడా కళ్లు తిప్పుకున్నాడు. రేపటి నుంచి ఈ యార్డులో అంతయ్యను ఎవరూ ఏదీ అడగరు. అతనికి ఆ సంగతి తెలుసు, పొద్దున్నే లెక్క వేసుకున్నాడు. తన మాట మొత్తం ఖర్చయింది. బదులుగా మంచిర్యాలలో బోర్డు లేవదు. ఇచ్చినదానికి వచ్చింది సరిపోయింది. చాలా రోజుల తర్వాత గట్టిగా ఆకలేసింది. గేటు దగ్గర బండి ముందు నిలబడి వేడివేడిగా మిరపకాయ బజ్జీలు తిన్నాడు. బాబు మియా కోసం మెత్తటి బన్నులు కట్టించుకున్నాడు. బాబు మియా ఎవలు అన్నాడని చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాడు. అది వదిలేసి, నీటి చుక్కల సంగతి చెప్పి నవ్విద్దామనుకున్నాడు.

సందు మొగదలలో కుర్చీలు వేసి ఉన్నాయి. టోపీలు పెట్టుకున్న మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. మసీదు నుంచి తెచ్చిన, శవాన్ని మోసే జనాజా గోడకు ఆనించి ఉంది. మధ్యాహ్నం ఇంత అన్నం తిని పక్కకు ఒరిగాడట బాబు మియా. మళ్లీ లేవలేదు.

గడప దగ్గర పరదా పక్కకు జరిగింది. బాబు మియా భార్య షాజాదీ బేగం కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"పొద్దుగాల నిన్ను యాద్ చేసిండు భయ్యా" అంది. "కాయిన్ల పైసలు పెట్టమన్నది అంతయ్య భాయ్ అని బయట ఎవ్వలకు చెప్పకుండ్రి అన్నడు. యార్డుల ఆయన మాటకు ఇజ్జత్ ఉన్నది, అది పోవద్దు అన్నడు."

అంతయ్య తలూపాడు. ఓంప్రకాశ్‌కు చేసినదాన్ని మళ్లీ చేయాల్సి వచ్చినా చేసేవాడే. కానీ బన్నుల పొట్లం ఆమె చేతిలో పెట్టలేక, తిరిగి పట్టుకుపోలేక అలాగే నిలబడ్డాడు. లోపల ఖాళీ మంచం గోడకు నిలబెట్టి ఉంది. దాని పైన మేకుకు, బాబు మియా మూటల కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట వేలాడుతోంది. చెమటకు గట్టిపడిన దాని నడుమ ఒక తల పట్టేంత గుంట, ఆ గుంటలో చిటికెడు తెల్లటి పత్తి.