దేవకుమారి టీచరు బొమ్మల అట్టలు

పొద్దున్నే బడి గంట కొట్టగానే దేవకుమారి టీచరు చేసే మొదటి పని కోడిపెట్టకి నూకలు వేయడం. ఆ కోడిపెట్ట ఉండేది ఓ శుభలేఖ వెనక. తణుకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి లోటు లేదు కనక టీచరుకి అట్టలకీ లోటు లేదు. వాటి వెనక రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీసి రెండో తరగతి పిల్లలకి తెలుగు నేర్పేది. ఆవిడ గీసినవి అట్ట మీదే బతికేవి. వాన అట్టని కిటికీలోనే పెట్టాలి, లేకపోతే పలకలన్నీ తడిసిపోతాయి. "ఈ ఈకలన్నీ ఎవరూడుస్తారండీ?" అని ఆయా మరిడమ్మ రోజూ సణుగుతూనే ఊడ్చేది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

తిప్పలొచ్చింది 'అమ్మ' అట్టతో. సారిక అనే పిల్ల తల్లి చిట్టెమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. ఈస్టర్ తరవాత ఎస్టీడీ బూతుకి ఆవిడ ఫోను రాలేదు. పిల్ల బెంగ చూడలేక, అది చెప్పిన పోలికలతో టీచరు చిట్టెమ్మని నవ్వుతున్నట్టు గీసింది. మర్నాటికి ఆ నవ్వు లేదు. మూసిన తలుపు పక్కన చిట్టెమ్మ గోడకి ఆనుకుని, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ఆ గోడా తలుపూ టీచరు గీసినవి కావు. సారిక మాత్రం ఆ అట్ట చేతిలో ఉంటేనే బడిలో కూర్చునేది.

ఇంతలో మేళా వచ్చింది. టీచర్లు సొంతంగా చేసుకున్న అట్టలు, చార్టులు తెచ్చి మండలమంతటికీ చూపించే మేళా. హెడ్మాస్టరు పల్లంరాజు గారు, "మాసిపోతున్నాయండీ. లామినేషన్ చేయించండి, కలకాలం ఉంటాయి" అన్నారు.

"మరి వాటికి ఊపిరాడద్దాండీ?" అని దేవకుమారికి నోటిదాకా వచ్చింది. కానీ ఫస్ట్ ప్రైజు మీద ఆశ ఆవిడకీ ఉంది. నోరు మూసుకుని జెరాక్సు షాపుకి పట్టుకెళ్ళి అన్నింటికీ ప్లాస్టిక్ వేయించేసింది.

మేళాలో అట్టలు నిగనిగలాడాయి. కోడి కిక్కురుమనలేదు. పాఠం చదివి వినిపించడానికి తీసుకొచ్చిన సారిక టీచరు చెంగు లాగింది.

"టీచరుగారండీ, మా అమ్మకి ఆవిరి పట్టిందండీ."

నిజమే. ప్లాస్టిక్ లోపలివైపు ఆవిరి, అందులో వేళ్ళ గుర్తులు. దేవకుమారి పెన్సిలు చెక్కే బ్లేడు తీసి జడ్జీల ముందే అట్ట మూల కోసేసింది.

"ఏంటండీ ఇది! ప్రైజు మనదే కదండీ!" అని పల్లంరాజు గారు లబోదిబోమన్నారు.

ప్లాస్టిక్ ఊడొచ్చింది. గోడ ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది, మనిషి లేదు. కోడి అట్ట కూడా కోసింది. కోడి పక్కకి ఒరిగిపోయి ఉంది, మరి లేవలేదు. చిట్టెమ్మనీ చంపేశాననుకుంది దేవకుమారి. ఖాళీ అట్ట సారిక కంట పడకుండా సంచిలో దాచి, "రంగు పోయిందమ్మా, మళ్ళీ వేసిస్తాను" అని అబద్ధమాడింది. ఆ తరవాత ఆవిడకి చర్చిలో మోకరిస్తే ప్రార్థన నోటికి రాలేదు.

క్రిస్మస్ సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఓ పొద్దున తణుకు బస్సు దిగి ఒకావిడ ఇంటికైనా వెళ్ళకుండా బడికొచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు తెల్లబడింది.

"నేను సారిక వాళ్ళమ్మనండి, చిట్టెమ్మని. నన్ను గదిలో పెట్టి తాళం వేసేశారండి. ఓ మధ్యాహ్నం ఊపిరాడక పోయాననే అనుకున్నాను. అంతలో తలుపు మూల నుంచి ఊడొచ్చేసిందండి. ఎలా నడిచానో ఏమో, మన ఎంబసీకి చేరాను."

దేవకుమారి నిలబడే ఏడ్చేసింది. సారిక టీచరు వెనక్కి నక్కి, కొత్త మనిషిని ఎగాదిగా చూసింది.

"ఈవిడ కాదండీ. మా అమ్మ అట్టలో ఉందండీ."

చిట్టెమ్మ పిల్లల మధ్యే నేల మీద కూలబడింది.

"అవును తల్లీ," అంది. "అందులోంచే వచ్చాను. కాస్త నలిగాను, అంతే."