ఒర్సీనమ్మ పాడిన ఆదివారం

"ఈసారన్నా మరీ ఎండబెట్టకు," అన్నాడు వాల్డో, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

లుడ్వీనా దుంప తురుముతోంది. పోమ్ అంటే దుంప తురుము మధ్య కోడిమాంసం పెట్టి కాల్చే సురినామ్ వంట. దానికి వాడే దుంప మన చేమదుంపకి దగ్గర చుట్టం. తురుముతుంటే మోచేతుల దాకా దురద. తురిమి గడ్డకట్టించిన పొట్లాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏ సురినామ్ కొట్లో అడిగినా ఇస్తారు. కానీ వాల్డోకి ఆ రుచి పట్టదు. "మా అమ్మ చేత్తోనే తురిమేది" అంటాడు. ఆ అత్తగారు వచ్చి మూడేళ్లు వీళ్లింట్లో ఉన్నప్పుడు, "మావాడికి మాడిన అంచులు పెట్టకు, అవి నువ్వు తినెయ్యి" అని నేర్పింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లుడ్వీనా అంచులే తింటోంది. వాల్డో పుట్టినరోజులకి, అతని అన్నదమ్ముల పుట్టినరోజులకి, చర్చిలో పెళ్లిళ్లకి, చావులకి పోమ్ ఆమెదే. "సిస్టర్ లుడ్వీనా చేతులు దేవుడిచ్చిన వరం" అని పాస్టరు మైకులో చెప్పినప్పుడు ఆ చేతులు వెనక గదిలో ట్రేలు తోముతూ ఉండేవి. వారమంతా వృద్ధాశ్రమం వంటగదిలో అరవైమందికి వండి ఇంటికొస్తే, "నీకేం, గరిటె తిప్పే ఉద్యోగం. బస్సు నడిపి చూడు తెలుస్తుంది" అనేవాడు వాల్డో. అతను బస్సు మానేసి నాలుగేళ్లయింది. ఆ మాట మాత్రం మానలేదు.

"రెండో ట్రే ఎవరికి?" అన్నాడు ఇప్పుడు.

"ఆశ్రమంలో ఒర్సీనమ్మకి. సాయంత్రం ఆవిణ్ణి బయటికి తీసుకెళ్తున్నా."

"ఆదివారం కూడా ఊడిగమేనా," అన్నాడు. ఊడిగం అనే మాట అతనికి తెలుసని లుడ్వీనాకి ఆరోజే తెలిసింది.

ఒర్సీనమ్మకి ఎనభై నాలుగు. ఆవిడ మంచం పక్కన గోడకి ఒక ఫోటో ఉంటుంది. సురినామ్ రాజధాని పారామరిబోలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకే గుడ్డలో కుట్టించుకున్న గౌన్లు, నడుం చుట్టూ చేతులు. చూడొచ్చినవాళ్లు "మీ చెల్లెలా?" అంటే, "కాదు, కోబా. నా మాటి" అంటుంది గట్టిగా. మాటి అంటే ఆడదానికి మనసిచ్చిన ఆడది. డచ్చి నర్సులకి ఆ మాట అర్థం కాదు. అర్థమైన సురినామ్ ముసలమ్మలు పళ్లెం తీసుకుని వేరే బల్లకి మారిపోతారు. అలా ఒంటరిగా మిగిలిన బల్ల దగ్గరికి లుడ్వీనా పప్పుగిన్నె పట్టుకెళ్లి, వడ్డించే వంకతో కాసేపు నిలబడేది.

"మా కాలంలో దాపరికం లేదే అమ్మాయ్," అనేది ఒర్సీనమ్మ. "మొగుళ్లుండేవాళ్లు, పిల్లలుండేవాళ్లు, మాటి కూడా ఉండేది. నా పుట్టినరోజుకి కోబా డప్పులు కొట్టించుకుంటూ వీధి వెంట వచ్చేది. ఇక్కడికొచ్చాకే అందరికీ సిగ్గు పుట్టుకొచ్చింది. చచ్చేలోపు ఒక్కసారి, కోబా నీకేమవుతుందని ఎవరూ అడగని చోట కూర్చోవాలనుంది."

ఆ మాట విన్నవాడు జాఫెట్, ముసలివాళ్లకి స్నానాలు చేయించే కుర్రాడు. గోళ్లకి రంగేసుకుంటాడని మేనేజరు చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. "అలాంటి చోటుంది పిన్నీ," అన్నాడు లుడ్వీనాతో. "నెలకో ఆదివారం ఊరి చివర బెయిల్మర్‌ పేటలో పాత కారు షెడ్డు అద్దెకి తీసుకుంటాం. అందరూ మనవాళ్లే. నల్లవాళ్లం, క్వియర్ వాళ్లం. పాటలుంటాయి, తిండుంటుంది. ఆమెను తీసుకురండి. మీరు పోమ్ చేసుకొస్తే మిమ్మల్ని భుజాల మీద మోస్తాం."

"నన్ను మోసేంత భుజాలు నీకెక్కడివిరా," అంది లుడ్వీనా. కానీ ఆ రాత్రే దుంపలు కొంది.

మెట్రోలో చక్రాల కుర్చీ, ఒర్సీనమ్మ ఒళ్లో వేడి ట్రే. జూన్ నెల కావడంతో సాయంత్రం ఏడైనా ఎండ ఇంకా తగ్గలేదు. షెడ్డు గుమ్మంలో తల నున్నగా గొరిగించుకున్న ఒకమ్మాయి వంగి, "మిమ్మల్ని ఏమని పిలవాలి అమ్మమ్మా?" అని అడిగింది.

"ఒర్సీన్. కోబా వాళ్ల ఒర్సీన్."

"రండి, కోబా వాళ్ల ఒర్సీన్," అంది ఆ పిల్ల మామూలుగా. ఒర్సీనమ్మ ఆ పిల్ల చెయ్యి చాలాసేపు వదల్లేదు.

లోపల గుండెల్లో మోగే పాట. మెరుపుల చొక్కాల మగపిల్లలు, సూట్లేసుకున్న ఆడపిల్లలు, అమ్మలా నవ్వే ఆరడుగుల మనిషొకరు ఎర్రగౌనులో. అరటిపళ్లు వేగుతున్న వాసన, వేరుశనగ పచ్చడి, అల్లం షర్బత్తు. లుడ్వీనా ఎవర్నీ సరిగా చూడలేదు. కాళ్లు వాటంతటవే వంటగదికి పోయాయి. చేతులు ఆప్రన్ వెతికి కట్టుకున్నాయి. తొట్టినిండా గిన్నెలుంటే నీళ్లు తిప్పింది.

వెనకనుంచి ఒక చెయ్యొచ్చి కుళాయి కట్టేసింది.

"ఇక్కడ వండినవాళ్లు తోమరు," అంది ఒకావిడ. అరవై ఉంటాయి. పొట్టి జుట్టు, ట్రాము నడిపేవాళ్ల నీలం కోటు. "నా పేరు మురియెల్. తిన్నావా?"

లుడ్వీనాకి ఆ ప్రశ్న ఒక క్షణం అర్థం కాలేదు. "అందరూ తిన్నాక..."

"అందరూ తినడం ఎప్పటికీ అవదు. కూర్చో."

కూర్చోబెట్టి, ట్రే మధ్యలోంచి ముక్క కోసి తెచ్చింది. బంగారు రంగు, లోపల మెత్తటి కోడిమాంసం, నారింజరసం పీల్చి ఇంకా పొగలు కక్కుతోంది. తన చేతి పోమ్ నడిమి ముక్క వేడిగా ఎలా ఉంటుందో లుడ్వీనాకి తెలియదు. అది పొడిగా లేదు. ఎప్పుడూ పొడిగా లేదేమో. రెండో ముద్దకి కళ్లు నిండిపోయాయి. మురియెల్ అటు చూడనట్టు నటిస్తూ, కాగితం రుమాలు ఆమె వైపు జరిపింది.

అంతలో అవతల పాట తగ్గింది. ఒర్సీనమ్మకి మైకిచ్చారు. సన్నగా వణికే గొంతుతో ఆమె పాత పాట అందుకుంది. వీధి ఊడ్చండి, కళ్లాపి చల్లండి, నా మాటి వస్తోంది అని. మొదటి చరణం ఒంటరిగా పాడింది. రెండో చరణానికి ఎవరో డప్పు తీశారు. పాటలు వేసే అమ్మాయి ఆ దెబ్బకింద తన యంత్రంలోంచి బరువైన దరువొకటి కలిపింది. మూడోసారికి రెండొందల గొంతులు బదులు చెప్పాయి, నీ మాటి వస్తోంది అని. ఒర్సీనమ్మ కుర్చీలోనే భుజాలతో ఆడింది. జాఫెట్ ఏడుస్తూ, రంగేసుకున్న గోళ్లతోనే కళ్లు తుడుచుకున్నాడు.

పాటయ్యాక, కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డ లుడ్వీనాని చూసి ఎర్రగౌను మనిషి వంగి అడిగింది, "అమ్మమ్మా, ఈవిడ మీ కూతురా?"

ఒర్సీనమ్మ లుడ్వీనా వైపు చూసింది. ఆ చూపులో వెటకారం లేదు.

"కాదే. మనలో మనిషే. వంటలోపడి తీరిక దొరకలేదంతే."

లుడ్వీనా నోరు తెరిచింది. అబ్బెబ్బే అనడానికి ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు సిద్ధంగా ఉంది. కానీ పారామరిబోలో పంతొమ్మిదేళ్లప్పుడు కుట్టుమిషను పక్కన కూర్చునే హిల్లెగొండ గుర్తొచ్చింది. హిల్లెగొండకి సూది గుచ్చుకుంటే ఆ వేలు తను నోట్లో పెట్టుకున్న మధ్యాహ్నం, ఆ తర్వాత ఆరు నెలలు కాళ్లకింద నేలే లేనట్టుండటం. వాల్డో సంబంధం వచ్చినప్పుడు హిల్లెగొండే పెళ్లిగౌను కుట్టింది. ఒక్క మాటా అనలేదు. ఎవరూ అడగలేదు గనక లుడ్వీనా కూడా ఎవరికీ చెప్పలేదు, తనకి తనే కూడా. ఈ ముసలామెకి ఎలా తెలిసిందో. వడ్డించే వంకతో నిలబడ్డప్పుడు ఆ ఫోటోని ఎంతసేపు చూసేదో, ఆవిడ గమనించినట్టుంది.

అబ్బెబ్బే అనలేదు. ఊరికే తల ఊపింది. గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎర్రగౌను మనిషి "అయితే వచ్చే నెల కూడా పోమ్ మీదేనన్నమాట" అంది. మురియెల్ మాత్రం నీలం కోటు విప్పి కుర్చీకి తగిలించి చెయ్యి చాచింది.

"నాకు అడుగులు రావు," అంది లుడ్వీనా.

"నాకూ రావు. పట్టాలమీద నడపడమే వచ్చు."

ఫోను నాలుగుసార్లు మోగిందని ఆమె తర్వాత చూసుకుంది.

ఒర్సీనమ్మని పదింటికి ఆశ్రమంలో పడుకోబెట్టి ఇంటికొచ్చేసరికి వాల్డో మేలుకునే ఉన్నాడు. మెట్రో దిగి ఆ షెడ్డులోకి పోతుంటే చర్చివాళ్లెవరో చూశారట.

"అది ఎలాంటివాళ్లు పోయే చోటో తెలుసా?"

"తెలుసు."

"తెలిసే పోయావా?"

"నాలాంటివాళ్లు పోయే చోటు, వాల్డో."

గొంతు పెంచలేదు, తలా దించలేదు. అతను చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. పరిహాసం దొరుకుతుందేమోనని వెతికినట్టుంది. దొరకలేదు. "ఈ వయసులో పిచ్చెక్కింది నీకు," అని టీవీ గొంతు పెంచాడు. ఆమెకి కోపం రాలేదు. భయం కూడా, వస్తుందనుకున్నంత రాలేదు.

కొడుకు ఖాళీ చేసి వెళ్లిన చిన్న గదిలో దుప్పటి పరుచుకుంది. పడుకుని ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో లెక్కేసుకుంది. గుమ్మంలో గుండు పిల్లకి, జాఫెట్‌కి, కుళాయి కట్టేసిన చేతికి, వీధి ఊడ్చమని పాడిన గొంతుకి. పేరు తెలియకపోయినా వీధి వెంట డప్పులు కొట్టించుకుంటూ నడిచిన ఆ కాలపు ఆడవాళ్లందరికీ. లెక్క పూర్తికాకుండానే నిద్రపట్టింది.

పొద్దున ఆరింటికి గోడ అవతలనుంచి పిలుపొచ్చింది, "లుడ్వీనా, కాఫీ."

ఆమె మేలుకునే ఉంది.

"పొడి పై అరలో ఉంది," అని చెప్పి, దుప్పటి భుజాల మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.