మడుగులో మా ఆయన

మా హనీమూన్ రెండో రోజు పొద్దున చిన్నాయన మా ఆయన చెంప పగలగొట్టాడు. పెళ్లిళ్లలో సరదాకి ఇచ్చుకునే దెబ్బ కాదది. అరచెయ్యి మొత్తం తెరిచి, భుజం నుంచి ఊపు తెచ్చి కొట్టాడు. మా ఆయన ఇసుకలో మోకాళ్ల మీద పడ్డాడు. ముక్కులోంచి రక్తం కారి, నేను కొనిచ్చిన నీలం టీషర్టు మీద పడింది.

హనీమూన్‌కి చిన్నాయన ఎందుకొచ్చాడని అడుగుతారు. అత్తమ్మ కూడా వచ్చింది. చిన్నమ్మ కూడా వచ్చింది. రెండు కోళ్లు కూడా వచ్చాయి.

అసలు మేం అండమాన్ పోదామనుకున్నాం. అక్కడ నీళ్లలో మొహం పెడితే రంగురంగుల చేపలు కనిపిస్తాయని, ఒడ్డునే పీతలు కాల్చి పెడతారని ఫోన్లో వీడియోలు చూసి చూసి నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన పేరు జయప్రకాశ్. పెళ్లయి ఇరవై రెండు రోజులే కాబట్టి 'మా ఆయన' అని రాయడమే నాకిష్టం. ఆయన ఆన్‌లైన్లో రెండు స్నార్కెల్ సెట్లు తెప్పించాడు. కళ్లనీ ముక్కునీ మూసే పెద్ద అద్దం, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే వంకర గొట్టం. గొట్టం కొస నారింజ రంగు. మంచం మీద కూర్చుని అవి తగిలించుకుని ఒకళ్లనొకళ్లం చూసుకుని ఎంత నవ్వామో. తీరా ఆఫీసులో మూడు రోజులకు మించి సెలవు దొరకలేదు. టికెట్లు దసరాకి మార్చుకున్నాం.

నా మొహం చూసి అత్తమ్మ అంది: "సముద్రమే గావాల్నా శ్రావణీ? మన గోదారి లేదా? పర్ణశాల అవతల నడిమిట్ల లంక ఉన్నది. అందరం పోదాం."

'అందరం' దగ్గర మా ఆయన నావైపు చూశాడు. నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను.

ములకలపల్లి నుంచి ఆటోలో రేవుదాకా వెళ్లి, అక్కడ పగిడయ్య పడవ మాట్లాడుకున్నాం. ఎండాకాలం కదా, గోదారి రెండు పాయలుగా చీలి మధ్యలో తెల్లటి ఇసుక లంక తేలింది. నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కట్టాం. పగిడయ్య కూడా పడవ ఒడ్డుకి లాగేసి మాతోనే ఉండిపోయాడు. లంకకు అవతలి పక్క, రాతి చట్టు కింద ఒక మడుగుంది. పాయ పారడం ఆగిపోయి అక్కడ నీళ్లు తేటగా నిలిచాయి. ఒడ్డున నడుం లోతు, మధ్యలో ఇద్దరు మనుషుల లోతు.

నాకు ఈత రాదు. మా ఆయన నా చెయ్యి పట్టుకుంటే మొహం నీళ్లలో పెట్టాను. మొదట ఆకుపచ్చ వెలుతురు. తర్వాత ఎర్రటి పొగ లాంటిది ఒకటి కదులుతూ కనిపించింది. అది పొగ కాదు, చేపపిల్లలు. వందలు. అన్నీ ఒకే ముద్దగా తిరుగుతున్నాయి. వాటి కింద నల్లగా, నా చేయంత పొడవున వాటి తల్లి, కొర్రమేను. పిల్లలు ఎటు పోతే అటు పోతోంది. నాకు నవ్వొచ్చి నోట్లోంచి గొట్టం జారింది, సగం గోదారి తాగేశాను.

ఆ మధ్యాహ్నం పగిడయ్య ఇచ్చిన చేపలతో మామిడికాయ వేసి అత్తమ్మ పులుసు పెట్టింది. విస్తళ్లలో వేడన్నం, తర్వాత తాటి ముంజలు. మా ఆయన మొహం చుట్టూ అద్దం అంచు ఎర్రగా గుండ్రంగా అచ్చు పడింది. ఎవరూ చూడకుండా ఆ గీత మీద వేలితో నిమిరాను. అండమాన్‌లో ఇంతకన్నా ఏముంటుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పగిడయ్య పడవలో చిన్నాయన, ఆయన భార్య గంగ చిన్నమ్మ వచ్చారు. చిన్నాయన పేరు నాగరాజు. అత్తమ్మకు ఒక్కడే తమ్ముడు, మా ఆయనకు మేనమామ. వరసకు నాకు చిన్నాయన, అంటే తండ్రి లెక్క. రాళ్ల క్వారీలో తూటాలు పేల్చే పని ఆయనది. చేతిలో ఒక సంచి.

"నిన్నటి పులుసుకే మురిసిపోకు బిడ్డా," అన్నాడు నాతో. "ఇయ్యాల మడుగుల ఒక్క తూటా ఏస్త. చాపలు తెల్లగ తేల్తయి. ఏరుకునుడే."

మా ఆయన సంచిలోకి చూశాడు. "వద్దు మామా. అండ్ల కొర్రమేను పిల్లల్ని సాకుతుంది. గిట్ల పేల్చుడు నేరం గూడ."

"పిల్లల్ని సాకుతుందా?" చిన్నాయన పగిడయ్య వైపు తిరిగాడు. "ఇన్నవా పగిడయ్యా? మావోడు గొట్టం పెట్టుకొని చాపలకు అంగన్‌వాడీ నడుపుతుండు. రేపు గుడ్లు గూడ పంచుతడు."

నిజం చెప్పాలంటే నాకు కూడా నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఒక తూటా తీసి అవతలి పాయలోకి దూరంగా విసిరేశాడు.

అప్పుడే ఆ చెంపదెబ్బ.

మా ఆయన లేచి తలతో చిన్నాయన పొట్టలో గుద్దాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. చిన్నాయన పైకెక్కి రెండు మోకాళ్లూ ఆయన ఛాతీ మీద పెట్టి పిడికిలితో గుద్దాడు. మా ఆయన వాళ్ల మామ చెయ్యి కొరికాడు. చిన్నాయన లేచి డొక్కలో తన్నాడు, ఇంకోసారి తన్నాడు. అత్తమ్మ గరిటె తీసుకుని ఇద్దరి వీపులూ వాయించింది. చివరికి పగిడయ్య వెనక నుంచి చిన్నాయన చంకల్లో చేతులు వేసి లాగాడు. కాళ్ల కింద పడి ఒక కోడి చచ్చింది. మధ్యాహ్నం దాన్నే వండాం. కూర బాగా కుదిరింది.

చెయ్యి కడుక్కుంటూ చిన్నాయన అన్నాడు: "రేపు పొద్దు గా చెట్ల మీదికొచ్చెటాళ్లకు మడుగుల తూటా పడ్తది. అండ్ల ఎవడన్న ఉంటే ఉండనీ. నాగరాజు అన్నడంటే అన్నట్టే."

సాయంత్రం నేనూ గంగ చిన్నమ్మా ఉల్లిగడ్డలు కోస్తున్నాం. ఆమె మెల్లగా అంది: "మీ ఆయనకు జెప్పు బిడ్డా. ఈ మనిషి ఉత్తగ అనడు." కొంగు తీసి మోచెయ్యి చూపించింది. అది పక్కకు వంగి అతుక్కుంది. "అన్నం మల్ల మాడితే చెయ్యి ఇరుస్తనన్నడు. మల్ల మాడింది."

"నువ్వేమీ అనలేదా చిన్నమ్మా?"

"అన్న. సల్లారినంక తింటే మాడిన వాసన రాదన్న." ఆమె నవ్వింది, కోస్తూనే ఉంది.

సంచి ఎక్కడైనా పారేద్దామంటే చిన్నాయన దాన్ని తల కింద పెట్టుకున్నాడు. చిన్నమ్మ మాటలు మా ఆయనకు చెప్పాను. ఆయన పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు.

"నేను నీళ్లల్ల ఉంటే ఎయ్యడు శ్రావణీ. నన్ను భుజాల మీద మోసినోడు."

"వేస్తే?"

"ఎయ్యడంటున్న గద."

తెల్లారి మేం లేచేసరికి ఆయన మడుగులోకి దిగేశాడు. నేను పరుగెత్తాను. మధ్యలో, ఇద్దరు మనుషుల లోతున, బోర్లా తేలుతున్నాడు. వీపు, నారింజ గొట్టం తప్ప ఇంకేం కనిపించడం లేదు. ఎర్రటి ముద్ద ఆయన కిందే తిరుగుతూ ఉండుంటుంది. ఇంకో సమయంలో అయితే నేనూ దిగి చూసేదాన్ని.

చిన్నాయన వచ్చాడు. నోట్లో బీడీ, చేతిలో సగానికి కోసిన తూటా. వెనకే అత్తమ్మ, చిన్నమ్మ, పగిడయ్య.

"బయటికి రమ్మను వాణ్ణి."

"రాడు చిన్నాయనా. ఈ ఒక్క మడుగు వదిలెయ్యి."

"ఏయ్ జయ్యా." గొట్టం కదలలేదు. "ఏయ్, నిన్నే."

"ఆయనకు వినపడదు. చెవులు నీళ్లలో ఉన్నాయి."

"గంత దూరం గోదారి అవతలోడు పలుకుతడు నేను పిలిస్తే. వీడు పలుకడా?" మూడోసారి పిలిచాడు. అంత గట్టిగా పిలిస్తే చట్టు మీది కొంగలు లేచిపోయాయి. అప్పుడే గొట్టం అవతలి వైపు తిరిగింది. మా ఆయన పిల్లల వెంట తిరిగాడు, అంతే. చిన్నాయనకు మాత్రం వీపు కనిపించింది.

"నాకు ఈపు తిప్పుతవారా."

"అరేయ్ తమ్మీ, ఇడిసిపెట్టురా," అంది అత్తమ్మ. "పోరడు వాడు."

"వాడు పోరడైతే నేనేంది అక్కా? గీ పగిడయ్య ముందట నేనేంది?"

నేను నడుం లోతుకి దిగి అరిచాను. రెండు చేతులతో నీళ్లు కొట్టాను. ఆ కదలిక ఆయనకు తెలిసింది. నేను ఆడుకుంటున్నానని అనుకున్నాడు పాపం. మొహం ఎత్తకుండానే ఒక చెయ్యి నీళ్లపైకి లేపి ఊపాడు.

"సూసిన్రా," అన్నాడు చిన్నాయన నింపాదిగా. "చెయ్యి ఊపుతుండు నాకు."

బీడీ తీసి తూటా ఒత్తికి ఆనించాడు. ఒత్తి చుర్రుమంది.

ఒడ్డుకి పరుగెత్తాను. పగిడయ్య వెంట తెచ్చిన పడవ గెడ అక్కడ ఇసుకలో గుచ్చి ఉంది. నా కన్నా రెండింతలు పొడుగు వెదురు. ఎలా పీకానో తెలియదు. ఎత్తి చిన్నాయన మణికట్టు మీద కొట్టాను. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. తూటా తడి ఇసుకలో పడింది. ఒత్తి ఆరలేదు.

చిన్నాయన నన్ను చూడలేదు. వంగి ఎడమచేత్తో తూటా తీసుకుని నీళ్ల వైపు తిరిగాడు. మళ్లీ కొట్టాను. ఈసారి చెవి మీద తగిలింది. తూలాడు గానీ వదల్లేదు. చెయ్యి వెనక్కి ఎత్తాడు. నేను మూడోసారి గెడ లేపుతుంటే ఎవరో వెనక నుంచి నా నడుం పట్టి కింద పడేశారు. గంగ చిన్నమ్మ. ఆమె బరువంతా నా మీద. నా మొహం ఇసుకలో కూరుకుపోయింది.

అప్పుడు పేలింది.

తల ఎత్తేసరికి నోటి నిండా ఇసుక, చెవుల్లో హోరు. పొగ, కాలిన వాసన. ఎర్రటి చుక్కలు నా చేతుల మీద, చిన్నమ్మ జుట్టు మీద, తెల్లటి ఇసుక మీద. చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి రక్తం కొట్టుకుంటూ వస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. మెడ మీద, బుగ్గ మీద చిన్న చిన్న గాయాలు తెరుచుకుని ఉన్నాయి. కుడి మణికట్టు వేలాడుతోంది.

మడుగులో మా ఆయన తల పైకి లేచింది. అద్దం నుదుటి మీదికి నెట్టుకుని, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు. రెండు కళ్లు. రెండు చెవులు. వేళ్లు లెక్కపెట్టాను, పది. మొహం చుట్టూ ఎర్రటి గీత. నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అత్తమ్మ వచ్చి నన్ను చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కూడా కొట్టింది. "నా తమ్ముని చెయ్యి తీసినవ్," అంది. తర్వాత కొడుకును చూసి, తడి ఒంటి మీదే అతన్ని పట్టుకుని వదల్లేదు.

గంగ చిన్నమ్మ నా చున్నీ లాక్కుని చిన్నాయన చెయ్యి పైన బిగించి కట్టింది. పళ్లతో ముడి లాగింది. "జల్దీ పడవ తియ్యి పగిడయ్యా," అంది. "భద్రాచలం దవాఖానాకు పోవాలె."

పడవలో చిన్నాయన తల చిన్నమ్మ ఒళ్లో. అత్తమ్మ ఒక చేత్తో తమ్ముడి నుదురు, ఇంకో చేత్తో కొడుకు చీలమండ పట్టుకుని కూర్చుంది. అందరికీ చెవులు హోరెత్తుతున్నాయి కాబట్టి అందరం అరిచే మాట్లాడుకున్నాం. గెడ వేస్తున్న పగిడయ్య ప్రతి మాటా విన్నాడు.

"బిడ్డా," అన్నాడు చిన్నాయన. పెదవులు తెల్లబడ్డాయి. "నేను జయ్యగాణ్ణి సంపుతననుకున్నవా?"

"అవును చిన్నాయనా."

"బెదిరించిన గంతే. ఆఖర్న ఇసుకల పారేద్దునే. నువ్వు కొట్టబట్టి గిట్లయింది. దవాఖానాల అడిగితే గట్లనే చెప్పాలె అందరు."

అత్తమ్మ నావైపు చూసింది. మా ఆయన కూడా చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఏదో సందేహం కనిపించింది. మేనమామ నిజమే చెబుతున్నాడేమో, నేను తొందరపడి ఒక మనిషి చెయ్యి తీశానేమో అని. పెళ్లయిన ఇరవై రెండు రోజుల్లో ఆయన నన్ను అలా చూడలేదు.

"అబద్ధం," అంది గంగ చిన్నమ్మ.

చిన్నాయన కళ్లు పైకి తిప్పాడు.

"ఎడమచేత్తో తీస్కొని నీళ్ల దిక్కే తిరిగినవ్. ఇసుక దిక్కు తిరగలే. పిల్లగాని ఈపు దిక్కు చెయ్యెత్తినవ్. నేను నీ పక్కనే ఉన్న, సూసిన. ఎవరడిగినా గదే చెప్త."

"ఏందే నువ్వు చెప్పేది?" చిన్నాయన ఆమెను కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఎడమ చెయ్యే. ఎత్తాక గుర్తొచ్చింది. నా చున్నీ కట్టిన ఆ మొండి చెయ్యి గాలిలో ఆగింది, రక్తం మోచేతి దాకా జారింది. కుడి చెయ్యి ఎత్తబోయాడు, అది లేవలేదు.

చిన్నమ్మ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని కిందికి దించి, ఆయన పొట్ట మీద పెట్టింది.

"ఊకె ఊపకు. రక్తం పోతది," అంది.

మా ఆయన నా దగ్గరికి జరిగాడు. పడవ ఒక పక్కకి ఒరిగింది, పగిడయ్య తిట్టాడు. అయినా మా ఆయన వెనక్కి జరగలేదు.